హాలియా నర్సమ్మ అభిప్రాయం

ఆ బీరువా మా ఇంటికి పడుకొని వచ్చింది. తొంభై నాలుగు ఏప్రిల్, మిట్టమధ్యాహ్నం. మిర్యాలగూడ లారీ ఆఫీసు నుంచి వచ్చిన ట్రాలీలో ఒక పలచటి అట్టపెట్టె, తాళ్లతో కట్టి ఉంది. మా ఆయన ఇస్రాయేలు గడపలో నిలబడి దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. చూడటానికి పెద్దగా ఏమీ లేదు.

"గిదేందే? నువ్వు తెప్పించింది బీరువనా, బెంచీనా?"

"బీరువనే. విప్పి పంపుతరు. మనం బిగించుకోవాలె."

"బిగించేటోళ్లం మనమైతే ఆ బొంబాయోళ్లు చేసిందేంది మరి?"

జవాబు లేనప్పుడు అడిగిన మనిషికి ఏదో ఒక పని చెప్పాలని నా ఉద్యోగంలో నేర్చుకున్నాను. కత్తి తెచ్చి తాళ్లు కొయ్యమన్నాను.

నాది హాలియాలో నర్సు ఉద్యోగం. ఆసుపత్రిలో కూర్చునే నర్సును కాను, ఊళ్లు తిరిగే నర్సును. నా కింద నాలుగు ఊళ్లు. కాన్పులు చేయడం, పిల్లలకు టీకాలు వేయడం, వాటన్నిటినీ రిజిస్టర్లలో ఎక్కించడం నా పని. అందరికీ నేను నర్సమ్మనే. ఈదమ్మ అనే నా పేరు జీతం బిల్లులోనూ చర్చి పుస్తకంలోనూ తప్ప ఎక్కడా కనపడేది కాదు. మా ఆయన సాగర్ కాల్వ మీద లస్కర్. తూము తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. ఉన్న ఒక్క బిడ్డ నల్లగొండ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నది. మాకు కడుపుకూ బట్టకూ లోటు లేదు. ఎలుకలు దూరని జాగా ఒక్కటే ఇంట్లో లేదు.

అంతకుముందు చలికాలం ఎలుకలు నా టీకాల రిజిస్టరును కొరికేశాయి. ఒక ఊరి పిల్లల పేర్లు సగానికి సగం వాటి పాలయ్యాయి. మళ్లీ గడపగడపకూ తిరిగి, ఎవరికి ఎన్ని సూదులు పడ్డాయో తల్లులను అడిగి రాసుకునేసరికి నా ప్రాణం మీదికి వచ్చింది.

మా వీధి చివర అబ్దుల్ హమీద్ వడ్రంగి దుకాణం ఉంది. బీరువా చేసిపెట్టమని ఆయనకు చెప్పి అప్పటికి రెండేళ్లు. మూడుసార్లు వచ్చి గోడ కొలిచాడు. కొలిచిన ప్రతిసారీ చాయ్ తాగి, "రేపే మొదలువెడ్త నర్సమ్మా, ఫికర్ జెయ్యకు" అని పోయాడు. మంచి పనివాడు. ఆయన పెట్టిన తలుపు ఎంత వానలోనైనా బిగుసుకుపోదు. కానీ ఆయన రేపు ఏ నెలలో వస్తుందో ఆయన పెళ్లాం లాల్ బీకి కూడా తెలియదు.

అలా ఉన్నప్పుడు ఆరోగ్య కేంద్రంలో ఒక వారపత్రిక మధ్యలో నుంచి బొంబాయి బీరువాల కంపెనీ కరపత్రం ఒకటి జారిపడింది. బీరువా పక్కన ఒకావిడ నవ్వుతూ నిలబడిన ఫోటో ఉంది. ఆ ఫోటోకు పడిపోయేంత అమాయకురాలిని కాను. నేను పడింది వెనక పేజీకి. అక్కడ కొన్నవాళ్లు రాసిన ఉత్తరాలు వేశారు. గుంటూరు జిల్లా నుంచి ఒక హెడ్మాస్టరు, వరంగల్ నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి భార్య, అనంతపురం నుంచి ఒక రిటైర్డు తహసీల్దారు. అందరూ ఒకటే మాట, బీరువా దివ్యంగా ఉందని. పేరు, హోదా, ఊరు కింద స్పష్టంగా ఉన్నాయి. మా శాఖలో ఈ మూడూ ఉన్న కాగితాన్ని ఎవరూ కాదనరు. తహసీల్దారు ఉత్తరాన్ని మూడుసార్లు చదివి, ఆ మధ్యాహ్నమే ఆర్డరు ఫారం నింపేశాను.

ఇప్పుడు ఆ పెట్టె విప్పితే లోపల కాఫీరంగు పలకలు, ఒక సంచి నిండా స్క్రూలు, మొన వంగిన ఒక చిన్న ఇనుపకడ్డీ, అక్షరం ముక్క లేకుండా వట్టి బొమ్మలతో ఒక కాగితం ఉన్నాయి. అన్నిటికీ పైన ఒక కార్డు ఉంది. 'మీ అభిప్రాయం' అని పైన అచ్చువేసి, కింద నాలుగు గీతలు గీశారు. తపాలా బిళ్ల అంటించే పని కూడా లేదు.

గీతలున్న కాగితం కనపడితే ఆ రోజే నింపడం నాకు పన్నెండేళ్ల అలవాటు. నింపని ఫారం ఇంట్లో ఉంటే నాకు అన్నం సయించదు. పెన్ను తీసి రాయడం మొదలుపెట్టాను.

"బీరువా చాలా బాగున్నది. తలుపులు గట్టిగా ఉన్నవి. ఎలుకల బాధ తీరినది. ఇంటింటా ఉండదగినది. బి. ఈదమ్మ, నర్సు, హాలియా, నల్లగొండ జిల్లా."

మా ఆయన నా భుజం మీదుగా చదివాడు.

"తలుపులు ఇంక అట్టల్నే ఉన్నయి గదనే."

"ఉంటే ఏమాయె? రేపు బిగిస్తే గట్టిగనే ఉంటయి."

"మరి ఎలుకలను అడిగినవా?"

"కొత్త సామాను ఇంట్లకొచ్చిన నాడే వంకవెడ్తరా ఎవ్వరన్న? మంచి మాటనే రాయాలె."

ఈ మాట నేను ఊరికే అనలేదు. మా ఊళ్ల పద్ధతే అది. కొత్త ఇల్లు, కొత్త ఎద్దు, కొత్త కోడలు, దేన్నైనా మొదటి రోజు మంచిగుందనే అనాలి. నేనైతే బొటనవేలంత బిడ్డ పుట్టిన ఇంటికి పోయినా ముందు "బంగారమోలె ఉన్నడు" అని, ఆ తర్వాతే సంచిలోంచి తూకం తీసేదాన్ని. బీరువాకూ ఆ మర్యాదే చేశాను. సాయంత్రం ఒక కాన్పుకు పిలుపు వస్తే, పోతూ పోతూ కార్డును పోస్టు డబ్బాలో వేశాను.

ఆదివారం చర్చి నుంచి రాగానే బిగించడానికి కూర్చున్నాం. ఆ బొమ్మల కాగితాన్ని గంటసేపు తలకిందులుగా చూశామని తర్వాత తెలిసింది. "అడుగు పలక అంటివి, గిది నెత్తి పలక" అని ఆయన, "నెత్తికి కాళ్లుంటయా, చూసి మాట్లాడు" అని నేను. పొద్దు వాలేసరికి బీరువా లేచి నిలబడింది. ఐదు స్క్రూలు మిగిలాయి. కంపెనీ వాళ్లు దయతో ఎక్కువ వేశారని అనుకొని వాటిని డబ్బాలో దాచాము.

ఉన్నమాట చెప్పాలి, నాకు చాలా సంతోషమైంది. నున్నటి కాఫీరంగు, రెండు తలుపులు, ఒక తాళం. రిజిస్టర్లు పై అరలో, దుప్పట్లు కింది అరలో పెట్టి తాళం వేసి, మళ్లీ తీసి, మళ్లీ వేశాను. పదిహేను రోజులకు ఎడమ తలుపు ఒక వేలెడు కిందికి దిగింది. మా ఆయన కాగితం మడిచి సందులో కుక్కాడు. దాన్ని నేను పట్టించుకోలేదు.

మే నెలాఖరులో ఆయన బస్టాండు నుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. చేతిలో వారపత్రికలు మూడు.

"నర్సమ్మా, నువ్వు అచ్చయినవే!"

కొత్త కరపత్రం. వెనక పేజీలో అందరికంటే పైన నా ఉత్తరం. తహసీల్దారు నా కింద ఉన్నాడు. బి. ఈదమ్మ, నర్సు, హాలియా. నా పేరును అచ్చులో చూసుకోవడం జీవితంలో అదే మొదలు. నేను దాన్ని గట్టిగా చదివాను. ఆయన ఇంకోసారి చదవమన్నాడు. అందులో ఒక్క ముక్క కూడా చూసి రాసింది కాదని ఆ క్షణంలో మా ఇద్దరిలో ఎవరికీ గుర్తుకు రాలేదు. పోస్టుమాన్ మొదలుకొని పాలావిడ దాకా అందరికీ చూపించాను. గర్వం వచ్చిందా అంటే వచ్చింది, దాచుకోను.

వారం తిరగకముందే గుర్వమ్మ వచ్చింది. నా నాలుగు ఊళ్లలో ఒక ఊరిలో ఆమె దర్జీ. జాకెట్లు కుడుతుంది. ఆ వేసవి పెళ్లిళ్లకు ఆమె ఇంటి నిండా ఊరివాళ్ల పట్టు జాకెట్లే. ఎలుక ఒకటి కొరికినా గుర్వమ్మకు ఆ ఊళ్లో తల ఎత్తుకునే దారి ఉండదు. చేతిసంచిలోంచి కరపత్రం తీసి, ఎవరో చదివి చూపించిన నా ఉత్తరం మీద వేలు పెట్టి, "గీ బీరువను జర సూడనియ్యి నర్సమ్మా" అంది.

చూపించాను. పలకలను అరచేత్తో తడిమింది. ఎడమ తలుపు తెరిచింది. మా ఆయన కుక్కిన కాగితం మడత జారి కింద పడింది. నేను గబుక్కున వంగి దాన్ని తీసి పిడికిట్లో పెట్టుకున్నాను.

"గదేంది?"

"ఏం లేదు, కాయితం."

ఆమె తలుపు మూసి నా వైపు తిరిగింది. "నాకు చదువు రాదు, చెక్క సంగతి తెల్వదు. నువ్వు తీసుకోమంటే తీసుకుంట. నా బిడ్డలిద్దరు నీ చేతుల మీద పుట్టిన్రు."

తలుపు కొద్దిగా దిగిందమ్మా, ఒక వానాకాలం చూశాక కొనుక్కో అని చెప్పవలసింది అప్పుడే. నోటి దాకా వచ్చింది కూడా. కానీ పేరు అచ్చయి ఉంది కదా. అచ్చులో ఒక మాట, గుమ్మంలో ఒక మాట ఎలా చెప్పను?

"తీసుకో" అన్నాను.

గుర్వమ్మ తర్వాత ఇంకా చాలామంది వచ్చారు. కొందరు వట్టిగా చూసి చాయ్ తాగి పోయారు. నిడమనూరు నుంచి ఒక ముసలాయన బస్సు దిగి అడ్రసు అడుక్కుంటూ వచ్చి, బీరువా కంటే నా చేత తన నడుం నొప్పిని ఎక్కువసేపు చూపించుకున్నాడు. లెక్కేస్తే నా నాలుగు ఊళ్లలో ఆరు ఇళ్లవాళ్లు తెప్పించుకున్నారు. ఆరు ఇళ్లలోనూ ఒకటే మాట, నర్సమ్మ రాసింది కదా అని.

జూలై మొదటి వారంలో వానలు పడ్డాయి. మా నేలకు చెమ్మ వచ్చింది. ఒకనాటి పొద్దున రిజిస్టరు కోసం తలుపు లాగితే తలుపు నా చేతికే వచ్చింది, బందులతో సహా. స్క్రూలు ఊడిన చోట తడి పొట్టు రాలుతోంది. వంగి చూస్తే అడుగు పలక ఉబ్బి, పొరలు పొరలుగా విచ్చుకొని ఉంది. వేలు పెడితే లోపలికి దిగింది.

మా ఆయన వచ్చి చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. దాంతో నాకు భయం పట్టుకుంది. ఎవరైనా వస్తే కనపడకుండా పాత చీర ఒకటి తీసి బీరువా మీద పరదాలా కప్పేశాను.

బుధవారం టీకాల రోజు. ఆ వారం గుర్వమ్మ ఊరు వంతు. బడి వరండాలో స్టవ్ వెలిగించి, గిన్నెలో సూదులు వేసి మరగబెట్టాను. అది మామూలు వారం కాదు. పక్క మండలంలో కోరింత దగ్గు మొదలైంది. పెద్ద పిల్లలు ఎలాగో గట్టెక్కుతారు, చంటిపిల్లలకు దగ్గు తెర మీద తెర వచ్చి ఊపిరి అందదు. ఒక్కరినీ వదలకుండా సూది వేయమని డాక్టరు గారు మరీ మరీ చెప్పి పంపారు. తల్లులు వచ్చి కూర్చున్నారు. ముందర బిక్షమ్మ. ఆమెకు తొలి కాన్పు. మూడు నెలల పసివాడు ఒళ్లో నిద్రపోతున్నాడు.

గుర్వమ్మ వచ్చి వరండా స్తంభానికి ఆనుకొని నిలబడింది. అరవలేదు.

"నర్సమ్మా, నీ బీరువ బాగున్నదా?"

నేను స్టవ్ మంట తగ్గించాను.

"మాది అడుగు ఊడింది. జాకెట్లన్ని తడినేల మీద పడ్డయి. ఎర్ర జాకెట్ల రంగు దిగి తెల్లయాటికి అంటింది. ఒక్కొక్కలే వచ్చి అడుగుతున్నరు."

"సూస్త గుర్వమ్మా. పని కాంగనే వచ్చి సూస్త" అన్నాను. ఆమె తలూపి అక్కడే నిలబడింది. తిట్టి ఉంటే బాగుండేది.

నేను సిరంజి తీసుకొని బిక్షమ్మ వైపు తిరిగాను. ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. "కాలు గట్టిగ పట్టుకో. ఏం గాదు. చీమ కుట్టినట్టుంటది, గంతే."

బిక్షమ్మ గుర్వమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది. పసివాణ్ణి ఎత్తి భుజాన వేసుకొని కొంగు కప్పింది.

"వచ్చే వారం సూద్దాం తియ్యి నర్సమ్మా."

ఆమె వెనక మిగిలినవాళ్లు కూడా లేచారు. ఒకామెకు పొయ్యి మీద అన్నం గుర్తొచ్చింది, ఒకామెకు నాటు కూలీ గుర్తొచ్చింది. ఎవరూ ఒక్క ముక్క పెడసరంగా అనలేదు. సూదులు గిన్నెలో అలాగే ఉన్నాయి. ఆ రోజు రిజిస్టరులో నేను రాయడానికి ఒక్క పేరు లేదు.

ఇంటికి వచ్చి మా ఆయన ముందర ఏడ్చాను. ఇంతమంది కాన్పులు చేశాను, అర్ధగంటలో నా మాట గాలికి పోయిందని ఏడ్చాను. ఆ పసివాడికి దగ్గు వస్తే ఎలా అని ఏడ్చాను.

"సూదికి, బీరువకు ఏం సంబంధమయ్యా?" అన్నాను.

"చెప్పిన నోరు ఒక్కటే గదనే" అన్నాడు ఆయన, నీళ్ల చెంబు నా చేతికిస్తూ.

ఆ మాటకు కోపం వచ్చింది. రెండు ముద్దలు తిన్నాక కోపం పోయి మాట మిగిలింది.

మర్నాడు పొద్దున్నే హమీద్ దుకాణానికి పోయాను. ఆయన్ని కాదని బొంబాయి నుంచి తెప్పించిన మనిషిని, ఏ ముఖం పెట్టుకొని పిలవాలో తెలియలేదు. "హమీద్ భాయ్, జర ఇంటి దాకా వస్తవా?" అన్నాను. ఆ ఒక్క రోజు మాత్రం ఆయన రేపు అనలేదు. చెవి మీద పెన్సిలుతో అలాగే వెంట వచ్చాడు.

పరదా తీసి చూపించాను. ఆయన గొంతుక్కూర్చొని, ఉబ్బిన పలకను రెండు వేళ్లతో నలిపి, వాసన చూశాడు.

"గిది చెక్క గాదు నర్సమ్మా. రంపపు పొట్టు. నా దుకాణంల లాల్ బీ రోజు ఊడ్చి పారబోస్తది సూడు, గదే. జిగురు వోసి ఒత్తి, మీద రంగు కాయితం అంటించి నీకు పంపిండ్రు."

నా ముఖం చూసి కొంచెం తగ్గాడు. "నాది గూడ తప్పుంది. మూడుసార్లు కొలిచి చెయ్యకపోతి."

"బాగైతదా మరి?"

"ఎందుకు గాదు? కింద చెడిన కాడికి కోసేసి, యాపచెక్క అడుగు ఏస్త. నాలుగు కాళ్లు వెడ్త, నేలకు తగలకుండ. తలుపులకు లోపట చెక్క పట్టీ గొట్టి దాని మీద బందులు బిగిస్త. నీ బిడ్డ పెద్దగయ్యే దాంక ఉంటది."

"గిది ఒక్కటి గాదు హమీద్ భాయ్. ఇంక ఆరు ఇండ్లల్ల ఉన్నయి."

"ఆరా! యా అల్లా!" ఆయన పూర్తిగా నేల మీద కూర్చున్నాడు. కాసేపు తల గోక్కొని, "సరె, చేస్త. గని ఒక షరతు. బొంబాయోనికి రాసినట్టు నాకు గూడ ఒక ఉత్తరం రాసియ్యాలె. అద్దం కట్టించి దుకాణంల వెడ్త."

"రాస్త. ఆరు ఇండ్ల పని అయినంక, సూసి రాస్త."

"గిదేం ఇన్సాఫ్? ఆనికి సూడకుండ రాసిస్తివి, నాకు మాత్రం సూసి రాస్తవా?"

చాలా రోజుల తర్వాత మా ఇంట్లో నవ్వు వినపడింది. నేనే నవ్వాను.

ఆ తర్వాతి రెండు వారాలు నా డ్యూటీ ఊళ్లకు నేనూ హమీద్ కలిసే పోయాం. నా సంచిలో మందులు, ఆయన సంచిలో రంపం, ఉలి, బస్సు పైన వేప పలకలు. కండక్టరు మమ్మల్ని చూసి, "ఏం నర్సమ్మా, కట్టెతోటి కూడ ఆపరేషన్లు చేస్తున్నవా?" అని అడిగాడు.

మొదట గుర్వమ్మ ఇంటికే పోయాం. వాకిట్లో నిలబడి నా సంచి పట్టీ సర్దుకుంటూ ఉన్నాను. హమీద్ సంచి దించి, ఉలి బయటికి తీసి, పని మొదలుపెట్టకుండా నా వైపు చూస్తూ కూర్చున్నాడు.

"చెప్పు నర్సమ్మా. నువ్వు చెప్పినంకనే నేను సుత్తి వడ్త."

చెప్పాను. "గుర్వమ్మా, ఆ ఉత్తరం నేను బీరువ బిగించకముందే రాసిన. తలుపులు అట్టపెట్టెల ఉండంగనే గట్టిగున్నయని రాసిన. నువ్వు అడగొచ్చిన నాడు తలుపు దిగే ఉన్నది, నీకు చెప్పకపోతి. తప్పు నాది."

గుర్వమ్మ కళ్లు పెద్దవి చేసింది. "బిగించకముందేనా?"

"బిగించకముందే."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ మిషను పక్కన కూలబడి కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నేను గూడ జాకెట్ కత్తిరించకముందే మస్తు కుదిరిందని చెప్త నర్సమ్మా. గని కాయితం మీద అచ్చెయ్యలే!" తర్వాత నవ్వు ఆపి, "నాకు మాట వచ్చింది గద. ఊరంత వచ్చి అడిగిండ్రు" అంది. నేను తల వంచుకున్నాను. మధ్యాహ్నం మా ఇద్దరికీ అన్నం, పచ్చిపులుసు పెట్టింది. ఆమె క్షమించిందనే అనుకున్నాను. రంగు అంటిన జాకెట్ల ఇళ్లకు ఆమె వెంట నేనూ పోయి, తప్పు గుర్వమ్మది కాదని చెప్పి వచ్చాను.

అన్ని ఇళ్లలో అలా జరగలేదు. ఒక ఊళ్లో పర్వతాలు అనే ఆయన హమీద్‌ను గడప తొక్కనివ్వలేదు. "మీరు బాగు జేసింది సాలు" అని తలుపు వేసుకున్నాడు. ఆయన నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడడు. కంపెనీకి కూడా రెండో ఉత్తరం రాశాను, ఈసారి అన్నీ చూసి, తేదీ వేసి, అడుగు ఎప్పుడు ఉబ్బిందో తలుపు ఎప్పుడు ఊడిందో వివరంగా. వాళ్లు ఆ ఏడాదంతా నా మొదటి ఉత్తరాన్నే వేశారు.

ఆగస్టులో మళ్లీ గుర్వమ్మ ఊరికి టీకాల రోజు వచ్చింది. దగ్గు అప్పటికి కాల్వకు అవతలి ఊరి దాకా వచ్చింది. వరండాలో స్టవ్ వెలిగించాను. తల్లులు వచ్చారు కానీ కూర్చోలేదు, నిలబడి చూస్తున్నారు. బిక్షమ్మ పసివాణ్ణి చంకనేసుకొని దగ్గరికి వచ్చింది.

"నర్సమ్మా, నువ్వు తప్పు ఒప్పుకున్నవని గుర్వమ్మ చెప్పింది. ఒకటి అడుగుత, ఏమనుకోకు. గీ సూది సంగతి గూడ సూడకుండనే చెప్తున్నవా?"

ఎగతాళి కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. ఏం గాదు అనే మాట నా నాలుక చివరికి అలవాటుగా వచ్చేసింది. మింగేశాను.

"సూసిన బిక్షమ్మా. నా బిడ్డకు నా చేతితోటే ఏసిన. గందుకే చెప్తున్న, విను. గీ సూది నొప్పి లేస్తది. సాయంత్రానికి జరం వస్తది. తొడ వాసి గట్టిగ గడ్డ కడ్తది. రేపు పొద్దుగూకులు చంక దిగడు, పాలు తాగడు, నీకు ఒక్క పని కానియ్యడు. ఎల్లుండికి తగ్గుతది. తగ్గకపోతే కబురు వెట్టు, నేనే వస్త. ఆ దగ్గు వచ్చిందంటే మాత్రం నెలలు వట్టినా తగ్గదు. గింత పసోడు దానికి తట్టుకోడు."

నా పన్నెండేళ్ల ఉద్యోగంలో సూది గురించి అంత చెడ్డ మాటలు ఎప్పుడూ చెప్పలేదు. ఉన్న నలుగురినీ నేనే వెళ్లగొట్టుకున్నానని అనుకున్నాను.

"జరం ఖాయంగ వస్తదా?" అంది బిక్షమ్మ.

"ఖాయమే అనుకో."

ఆమె కొడుకు ముఖం ఒకసారి చూసుకుంది. కింద కూర్చొని, పసివాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకొని, తొడ గట్టిగా పట్టుకుంది. నేను సూది వేశాను. వాడు ఊరంతా వినపడేలా ఏడ్చాడు. మిగిలిన తల్లులు ముందుకు రాలేదు. బిక్షమ్మ కొడుక్కు ఏమవుతుందో చూడాలని వాళ్లు ఆగినట్టు వాళ్ల ముఖాలే చెప్పాయి.

ఆ వారమంతా నాకు అదే ఆలోచన. ఆ సూదికి జ్వరం రావచ్చు, కొందరికి రాకపోనూవచ్చు. ఖాయమని ఎందుకన్నానో నాకే తెలియదు. ఒక నర్సు అనకూడని మాటే, అయినా చెప్తున్నాను. ఆ బిడ్డకు కొంచెం జ్వరం రావాలని నేను ప్రార్థన చేసుకున్నాను. సిగ్గుపడుతూనే చేసుకున్నాను. కబురు ఏమీ రాలేదు.

తర్వాతి బుధవారం ఇంకో ఊరి వంతు. అయినా మనసు ఆగక దారిలో గుర్వమ్మ ఊళ్లోనే బస్సు దిగాను. బడి వరండా దాకా పోయేసరికి అక్కడ పదిహేను మంది తల్లులు పిల్లలతో కూర్చొని ఉన్నారు. ఏ ఊరి వంతైనా బుధవారం నేను ఆ దారినే పోతానని తెలిసి, గుర్వమ్మ వాళ్లను పోగేసి వరసలో సర్దుతోంది. ఆ రోజు తమ ఊరి వంతు కాదని ఎవరికీ పట్టలేదు. బిక్షమ్మ మధ్యలో నిలబడి, చంకలో కేరింతలు కొడుతున్న కొడుకు తొడను అందరికీ చూపిస్తోంది.

"సాయంత్రం వస్తదన్నది, దీపాలు వెట్టంగనే వచ్చింది జరం. గిదో, గీన్నే గడ్డ కట్టింది. పొద్దుగూకులు చంక దిగలే. ఎల్లుండి అన్నది, ఎల్లుండికే తగ్గింది. నర్సమ్మ చెప్పిన దాంట్ల ఒక్క మాట గూడ తప్పు గాలే!"

ఆ గొంతులో ఉన్న సంబరం చూస్తే జ్వరం తనే తెప్పించినట్టు ఉంది. నా కళ్లు నిండాయి. నేను సంచి దించి, అగ్గిపెట్టె కోసం వెతుక్కుంటూ తల వంచుకున్నాను.

వరసలో అందరికంటే ముందు కూర్చున్న ఆమెను అంతకుముందు ఎన్నడూ టీకాల దగ్గర చూడలేదు. ఇద్దరు పెద్ద పిల్లలను కూడా నాకు చూపించకుండా దాచిన మనిషి. ఇప్పుడు చంటిదాన్ని రెండు చేతులతో ఎత్తి నా ముందుకు చాపింది.

"మా పిల్లకు గూడ గా జరమొచ్చే సూదే వెయ్యి నర్సమ్మా" అంది.